నార్పోలి బడిలో భాగోతం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, ఒక జనవరిలో, మా బృందం నన్ను భివండీకి వేసింది. బృందం ముంబైది. దాని పని ఆపెరాను బడులకూ బస్తీలకూ మోసుకెళ్ళడం. ఆపెరా అంటే కథను పాడి చెప్పే పాశ్చాత్య నాటకం. నా హోదా అవుట్‌రీచ్ మేనేజర్. ప్రదర్శన బాగుంటే గాయకులు బాగా పాడారంటారు, బాగోకపోతే మేనేజర్ ఎక్కడని అడుగుతారు. కాగితాల ప్రకారం నా కింద ఒక వ్యాన్ డ్రైవర్ ఉండేవాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

భివండీకి నన్నే వేయడానికి కారణం, అక్కడ తెలుగువాళ్ళున్నారు, నేనూ తెలుగువాణ్ణే. మాది తెనాలి. అక్కడివాళ్ళు కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చి రెండు మూడు తరాలైనవాళ్ళు. ఈ రెండు తెలుగుల మధ్య దూరమెంతో మా డైరెక్టర్‌కు తెలియదు. నాకు తెలుసని నేననుకున్నాను.

మా పద్ధతిలో మొదటి మెట్టు రెకీ. అంటే ముందుగా వెళ్ళి హాలు ఎంత, కరెంటు ఎక్కడ, వ్యాన్ సందులో తిరుగుతుందా అని చూసి రావడం. మేము ఎంచుకున్నది భివండీలోని నార్పోలిలో ఒక ట్రస్టు నడిపే తెలుగు బడి. దాని గోడకు ఆనుకొనే సాంచెల షెడ్డు ఉంది. మరమగ్గాన్ని అక్కడివాళ్ళు సాంచె అంటారు. ఆపెరా గాయకులు మైకు వాడరు, ఒట్టి గొంతుతోనే హాలు చివరిదాకా వినిపించాలి. సాంచెలు నడుస్తుంటే పక్కమనిషి తుమ్మినా వినపడదు. అందుకని సాంచెలకు సెలవుండే శుక్రవారం పెట్టుకున్నాం.

ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ సుగుణ మేడం. భివండీలోనే పుట్టిన క్రైస్తవ కుటుంబం మనిషి. తండ్రి బతికినన్నాళ్ళూ సాంచె నడిపాడు. ఆమె హోదా ముందు ‘ఇన్‌చార్జి’ అనే మాట ఏళ్ళ తరబడి వేలాడుతోంది. దాన్ని తీసేయాలా, ఆమెనే తీసేయాలా అన్నది మా ప్రదర్శన తర్వాతి ఆదివారం ట్రస్టు మీటింగులో తేలుతుంది. ట్రస్టు సెక్రటరీ మల్లేశం సేటు, సాంచెల యజమాని. ఆయన మనసులో తన బామ్మర్ది ఉన్నాడు. చాయ్ తాగుతూ ఆమే చెప్పింది. “ప్రోగ్రాం మంచిగయితే పర్మనెంట్ జేస్తరు సార్. జర తేడా వచ్చిందనుకో, సేటు బామ్మర్ది వచ్చి నా కుర్చీల కూసుంటడు. మొన్ననే వచ్చి ఫ్యాను గాలి మంచిగొస్తదా అని చూసిపోయిండు.”

ముంబైలో మా రిహార్సల్‌కు ఆమెను పిలిచాం. చూసి కళ్ళు తుడుచుకుంది. అది హాస్య ఆపెరా. సంగీతం గొప్పతనం అని సరిపెట్టుకున్నాను.

“ఆపెరా అంటే మావోళ్ళకు సమజ్ కాదు సార్. అందరికి తెలిసిన మాట చూసి నేనే అనౌన్స్ చేపిస్త,” అంది. పని తగ్గుతుందంటే నేనెప్పుడూ అడ్డుచెప్పినవాణ్ణి కాను.

శుక్రవారం మా వ్యాన్ నార్పోలి మలుపు తిరిగేసరికి, మైకు కట్టిన ఆటో ఎదురైంది. “మన బడిల భాగోతం! ఇయ్యాల నాలుగింటికి! సుగుణ మేడం దగ్గరుండి చూపిస్తది! అందరు రాండ్రి!”

భాగోతం! ఆడుతూ పాడుతూ కథ చెప్పడం. ఆపెరాకు ఇంతకన్నా మంచి తెలుగు మాట ఏ నిఘంటువులోనూ దొరకదని మనసులోనే మెచ్చుకున్నాను.

మధ్యాహ్నం సామాను దింపి, తెర కట్టించి, ఎలక్ట్రిక్ పియానో బిగిస్తుంటే ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. “ఎవల్ది సార్?”

“ఇటలీ ఆయనది. పోయి చాలా కాలమైంది.”

“ఓర్నీ! ఇటలీ దాక పోయిందా ముచ్చట! మొత్తం ఎంతమందున్నరు గిందుల?”

“ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్ళు.”

ఆయన నాలుక చప్పరించాడు. “పిల్లలు సదువుకునే జాగల! మేడంకు ఎర్కేనా?”

“పిలిపించిందే ఆవిడ కదండీ. మొదటిసారి చూసి ఏడ్చేసింది కూడా.”

“ఏడ్వదా మరి,” అని తలూపుకుంటూ వెళ్ళిపోయాడు. సంగీతమంటే ఇంత ఇష్టమున్నవాణ్ణి చాలాకాలం తర్వాత చూశాననుకున్నాను.

నాలుగింటికి హాలు నిండి, జనం కిటికీలకు వేలాడారు. నా ఉద్యోగమంతా జనాన్ని రప్పించడంతోనే సరిపోయింది. వచ్చిన జనాన్ని ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. పైగా వచ్చినవాళ్ళు రెండు రకాలుగా కనిపించారు. ముసలమ్మలు చాపలు, చెద్దర్లు, టిఫిన్ డబ్బాలతో వచ్చి తెల్లవారేదాకా లేచేది లేదన్నట్టు కూర్చున్నారు. కుర్రవాళ్ళు ఫోన్లు పైకెత్తి, స్టేజీని వదిలేసి స్టాఫ్‌రూం తలుపు కేసి చూస్తున్నారు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

అంతలో మల్లేశం సేటు, బామ్మర్ది, ఇంకో ఇద్దరు ట్రస్టీలు వచ్చారు. సేటు నేరుగా మేడం దగ్గరికే వచ్చాడు.

“ఏంది మేడం ఇది? ఏమన్నుంటే మీటింగుల చెప్పాలె గని, ఆటో వెట్టి ఊరంత చాటింపేస్తరా? ఎవలి భాగోతమది?”

“భాగోతమంటే ఆట సేటూ. మా అవ్వ గట్లనే అంటుండె.”

“మీ అవ్వ కాలంల అన్నరు! ఇప్పుడు భాగోతమంటే ఏందో బైటికి పోయి అడుగుండ్రి. నా బామ్మర్దే ‘బావా, నీదా?’ అని అడిగిండు!”

అప్పుడు మేడంకూ నాకూ వెలిగింది. ముసలివాళ్ళకు భాగోతమంటే రాత్రంతా నడిచే ఆట. కుర్రవాళ్ళకు అదే మాట ఎవరిదో గుట్టు రట్టు కావడం. ఈ రెండో అర్థం మా తెనాలిలోనూ భేషుగ్గా చెలామణీలో ఉంది. పెద్దమనిషికి నేను చెప్పిన జవాబులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నీ నిజాలే.

సేటు వెంటనే బంద్ చేయమన్నాడు. సంగతి ఆదివారం చూసుకుందామన్నాడు. బామ్మర్ది నేల చూపులు చూస్తూ సంతోషించాడు. సుగుణ మేడం మొహం పాలిపోయింది, కానీ గొంతు పెంచలేదు.

“ఇప్పుడు బంద్ జేస్తే, ఏదో ఉన్నదనే అంటరు సేటూ. మీరు ముంగట కూసొని చూడుండ్రి. అప్పుడు ఏం లేదని వాళ్ళకే తెలుస్తది.”

సేటుకు ఇది న్యాయంగానే తోచింది. ముందు వరసలో, అందరికీ కనపడేలా కూర్చున్నాడు.

గాయని గొంతెత్తగానే ఆటోవాడు పరుగున వచ్చి ఆమె చేతిలో మైకు పెట్టబోయాడు. “మైకు బందున్నదక్కా, గిది పట్టు!” అదొక్కటే అంతరాయం. మా పద్ధతి ప్రకారం పాటలు ఇటాలియన్‌లో ఉంచి, మధ్యలో మాటలు మాత్రం హిందీలో చెప్పేవాళ్ళం. కథ చిన్నది. ఒక బట్టల వర్తకుడు, అతని భార్య, పనిమనిషి. వర్తకుడు నేతగాళ్ళ దగ్గర బట్ట కొలిచి కొనే కర్ర ఉండాల్సినదానికన్నా పొడవు. చివరికి పనిమనిషి అసలు కర్రనూ అతని కర్రనూ పక్కపక్కన నిలబెట్టి చూపిస్తుంది.

ఆమె అలా చూపించగానే స్టాఫ్‌రూం వైపున్న ఫోన్లన్నీ స్టేజీ మీదికి మళ్ళాయి. వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. “గిదా భాగోతం!”

తలలన్నీ ముందు వరస వైపు తిరిగాయి.

భివండీలో నేతకు కూలి మీటరు లెక్కన. మీటరు కొలిచేది సేటు మనిషి. మల్లేశం సేటు కొలత ఎలాంటిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కథ ఇటలీలో ఏనాడో రాసింది. ఈ రెండు సంగతులతో అక్కడెవరికీ పని పడలేదు. నవ్వులు, ఈలలు, కర్రలు మళ్ళీ చూపించమని కేకలు. రిహార్సల్‌లో సుగుణ మేడం కళ్ళు తుడుచుకున్నది సంగీతానికి కాదు, సాంచె నడిపిన తండ్రి గుర్తొచ్చి కావచ్చని నాకు అప్పుడు తట్టింది. నేను అడగలేదు.

ముప్పావుగంటలో ఆట ముగిసింది. చాప చుట్టడానికి ఒక ముసలమ్మ ససేమిరా అంది. “గంతేనా బిడ్డా? పొద్దన్న మునగకపాయె!” సేటు నా దగ్గరికొచ్చి ఈ కథ ఎవరు ఎంచారని అడిగాడు. హెడ్డాఫీసు అన్నాను. ఆయన మేడం వైపు చూశాడు. ఆమె కుర్చీలు సర్దిస్తోంది.

సోమవారం ఆమె ఫోన్ చేసింది. పర్మనెంట్ అయింది. ఎలాగని అడిగాను.

“ఆదివారం సేటే ముందుగాల చెయ్యి లేపిండు సార్. ఇప్పుడు నన్ను తీసేస్తే, కట్టె ముచ్చట నిజమే అంటరట. బామ్మర్దిని గూడ చెయ్యి లేపుమన్నడు. పాపం, లేపిండు.”

సంగీతం ఎలా ఉందని ఎవరైనా అన్నారా అని అడిగాను. ఎవరూ అనలేదని చెప్పింది.

ఆ తర్వాత నేను ఎక్కడికి వెళ్ళినా, చాటింపు మాటను ముందు చాయ్ కొట్టు దగ్గర పైకి చదివి, వినేవాళ్ళ మొహాలు చూసేవాణ్ణి. ఇది పనికొచ్చే జాగ్రత్తే, మేనేజర్లకు చెబుతుంటాను. కానీ భివండీ నేర్పింది అంతకన్నా చిన్న సంగతి. జనం తాము చూడ్డానికి వచ్చిందే చూసి వెళ్తారు. మనం ఆడింది ఏమిటన్నది మన సొంత విషయం.