తడిబండ, ధ్రువాల మంచు

ఆ యేడు బేతంచెర్లలో ఎండలెంతంటే, చుట్ట కాల్చేవాళ్లు అగ్గిపుల్ల దండగని బండకు ఆనించి ముట్టించుకునేవాళ్లు. అలాంటి ఎండల్లో నేను ధ్రువసముద్రాల మంచు గురించి ఉపన్యాసమిచ్చాను.

హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని. శనివారం సాయంత్రాలు రీడింగురూములో బండల పనివాళ్లకు గంటసేపు సైన్సు కబుర్లు. అప్పటికి రెండు వారాలుగా నా ధాటికి సగం ఊరు నిద్రపోయింది. రీడింగురూము పెద్దమనిషి తెగేసి చెప్పాడు: "ఏమప్పా సారూ, ఈసారి గూడా గురక ఇనపడిందంటే ఈ గంట పేకాటకిచ్చేస్తా."

గంట పోతే ప్రాణం పోయినట్టే. ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు మరి.

అందుకే పేపర్లో చదివిన సంగతి ఎత్తుకున్నాను: ఉపగ్రహం మీంచి ధ్రువాల మంచును కనిపెట్టే రాడార్. తలుపులు మూయించి, బల్ల మీద పెట్టించిన గరుకుబండ మీదికి ఏటవాలుగా బ్యాటరీలైటు కొట్టాను.

"ఇదే రాడార్ అనుకోండి. కంటికి కనపడని తరంగం పంపుతుంది. గరుకు మంచు దాన్ని వెనక్కి కొడుతుంది, తెల్లగా అగుపిస్తుంది. నున్నటి నీళ్లు అవతలికి జార్చేస్తాయి, నల్లగా ఉంటాయి. పొరపాటన్నదే లేదు!"

పాలిష్ పనిలో పండిపోయిన సాయిబు ఒకాయన లేచాడు. ఆయన గడ్డం దులిపితే రాలే బండపొడితో ఇంకో కొండ కట్టొచ్చు.

"ఆడ ఎండాకాలం రాదా సారూ?"

"వస్తుంది చాచా. మంచు పైపైన కరుగుతుంది."

"ఆ నీళ్లు యాడికి పోతాయి?"

"అక్కడే... మంచు మీదే..."

ఆయన చెంబెత్తి బండ నిండా నీళ్లు పోశాడు. "ఇప్పుడు కొట్టు."

కొట్టాను. వెలుతురు సర్రున జారి అవతలున్న పెద్దమనిషి మొహాన పడింది. బండ నల్లబడిపోయింది.

"చూడండప్పా! కింద మంచుండాది, సారు రాడార్ సముద్రమంటాండాది! తడిబండ జూసి నునుపనుకొని మోసపోయినోళ్లు ఈ ఊర్లో శానామంది. ఆరేదాకా బేరమాడొద్దని మా నాయన చెప్పేటోడు."

గది కప్పు లేచేలా నవ్వారు. పేపర్లో చివరి పేరా సరిగ్గా అదే చెప్పింది. పొడుగ్గా ఉందని నేనే వదిలేశాను. ఆ మాటా ఒప్పేసుకున్నాను.

ఇక చూడాలి! చలికాలం చూడమను అంటాడొకడు, దిగి సుత్తితో తట్టమను అంటాడింకొకడు. గంట కాస్తా రెండు గంటలైంది. రెప్ప వేసినవాడు లేడు.

పెద్దమనిషి తీర్పు చెప్పాడు: "గంట ఉంటాది. వచ్చేవారం చాచా మాట్లాడతాడు, సారు లైటు పట్టుకుంటాడు."

నేను చేసిన అన్ని ఉద్యోగాల్లోకీ అదే గొప్పది.