బాక్సులో పట్టని పేరు

ధవళేశ్వరంలో ఎవరింట్లో పెళ్లయినా, కర్మయినా కార్డు కట్టేది చిట్టియ్య గారే. ప్రెస్సులో ఆయన కంప్యూటరు పక్కనే నా బైండింగు బల్ల. బొమ్మ మీద పడి అక్షరాలు కనబడకపోయినా, ఫాంటు మారి ఒత్తులన్నీ ఎగిరిపోయినా, రాజమండ్రి షాపులవాళ్లు సైతం ఆయనకే ఫోను చేసేవారు. విసుక్కుంటూనే చెప్పేవారు.

"ముందు అక్షరాలు పోసిన బాక్సు అడుగున చూడవయ్యా. ఎర్ర గుర్తుందా? ఉంటే లోపల ఇంకా మేటరు ఉన్నట్టే. కిందికి లాగు."

ఊరందరికీ చెప్పిన మనిషి సొంత కూతురి పెళ్లికార్డులో ఆ గుర్తు చూసుకోలేదు. బంధువుల పేర్లు నలభై దాకా వేశారు. చివర్న విడిగా ఒక వరుసలో మేనత్త సత్యవాణి పేరు. ఒక్కగానొక్క చెల్లెలు, తల్లి పోయాక ఈయన చంకనెత్తుకుని పెంచిన పిల్ల. గొప్పగా కనబడాలని ఆ పేరు రెండు సైజులు పెంచారు. పెంచేసరికి ఆ వరుస బాక్సులో పట్టక మరుగున పడిపోయింది. ఐదు వందల కార్డులు పంచాక గాని తెలియలేదు.

"మిషను తినేసిందమ్మా," అన్నారు ఫోనులో.

"నలభై మందిని వదిలేసి నన్నే తిందా అన్నయ్యా, నీ మిషను?"

మా వైపు విస్తరి ముందు నుంచి లేపినా ఓర్చుకుంటారేమో గాని, కార్డులో పేరు లేకపోతే గుమ్మం తొక్కరు. ఆయన చెల్లెలి పేరు చేర్చి కొత్తగా ఒక కార్డు తీసి, బస్సెక్కి అంతర్వేదిలో ఆవిడ అత్తారింటికి పట్టుకెళ్లారు. ఆవిడ దాన్ని అరుగు మీదే పెట్టేసింది.

"నా ఒక్కదానికే వేశావా? ఊరందరి చేతుల్లో ఉన్నది వేరేగా!"

పెళ్లికి రాలేదు. మేనత్త పెట్టాల్సిన తొలి నలుగు పక్కింటావిడ పెట్టింది. తరువాత ఈయన మూడుసార్లు ఫోను చేశారు, ఆవిడ ఎత్తలేదు, ఈయన మానేశారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే. నాలుగోసారి చేస్తే ఏం పోయేది? అలా ఐదేళ్లు గడిచాయి.

మొన్న శ్రావణంలో సత్యవాణి పోయింది. కబురందేసరికి దహనం కూడా అయిపోయింది. ఆరో రోజున ఆవిడ భర్త పల్లంరాజు గారు మా మెట్లెక్కారు, పెద్దకర్మ కార్డు కోసం.

"మీరుండగా ఇంకోచోట కట్టించడానికి మనసొప్పలేదు బావగారూ. పేర్లు మా అబ్బాయి మీ ఫోనుకి పంపాడండి. మంచంలో ఉండగానే తను చెప్పి రాయించింది. తన కార్డులో ఎవరి పేరూ పోకూడదంది."

చిట్టియ్య గారు ఫోనులోంచి మేటరు తెచ్చి బాక్సులో పెట్టారు. ఫొటో అక్షరాల మీద పడితే వెనక్కి నెట్టారు. చెల్లెలి ముఖం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత పేర్లు చదివారు. భర్త, కొడుకు, కోడలు, మరుదులు, తోడికోడళ్లు. మళ్లీ మొదటినుంచి చదివారు.

బాక్సు అడుగున చూశారు. ఎర్ర గుర్తు లేదు. అయినా కిందికి లాగారు. పేజీ అంచు దాకా లాగారు. తెల్లగా ఉంది, ఏమీ లేదు.

ఇంకో వరుస పట్టేంత చోటుంది. తన పేరు తనే కొట్టుకుంటే అడిగేవాళ్లెవరూ లేరు. కీబోర్డు మీద వేళ్లు కాసేపు అలాగే ఉంచి తీసేశారు. నాకు ఏడుపొచ్చి, కుట్టిన పుస్తకమే మళ్లీ కుట్టాను.

ఆయన తెర అటు తిప్పారు.

"పేర్లన్నీ వచ్చాయేమో ఒకసారి చూసుకోండి బావగారూ."

పల్లంరాజు గారు ఫోను పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా సరిచూశారు.

"అన్నీ వచ్చాయండి. ఒక్కటీ పోలేదు."