కోర్టు మీద మా కేకలు

మా క్లబ్బు చరిత్ర ఎవరడిగినా ఇప్పుడు ఒక పేజీ చేతిలో పెడుతున్నారు. రాష్ట్ర కప్పు వరసగా రెండేళ్ళు, జాతీయ పోటీల్లో ఒకసారి సెమీఫైనల్, జీతం తీసుకుని ఆడే ఆడపిల్లల ఫుట్సాల్ జట్టు. అన్నీ నిజమే. ఆ కప్పులు ఎత్తిన చేతుల్లో నావీ ఉన్నాయి. కానీ మేము ఎట్లా ఆడామో ఆ పేజీలో ఒక్క ముక్క లేదు. రాయండయ్యా అంటే "అదంతా ఇప్పుడెందుకక్కా" అన్నారు. ఎందుకా? సరే, నేనే రాస్తాను. బడిలో చదివిందంతా తమిళం. ఈ అక్షరాలు ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నవి. తప్పులుంటే ఉండనీ.

కోయంబత్తూరులో మేముండేది కార్పొరేషన్ పనివాళ్ళ క్వార్టర్సులో. రెండు వరసల ఇళ్ళ మధ్య సిమెంటు నేల ఉండేది. పొద్దున దానిమీద బట్టలు ఆరేసేవాళ్ళు, సాయంత్రం మేము బంతాట ఆడేవాళ్ళం. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, అంతకుమించి పట్టదు. ఫుట్సాల్ అంటే అచ్చంగా అదేనని, అందులో బంతి ఎక్కువ ఎగరకూడదని చాలా రోజులకు ఎవరో చెప్పారు. మా బంతిలో ఎప్పుడూ సగం గాలే, అది ఎగిరి చచ్చిందెప్పుడు! చర్చికి పోయే పిల్లలం, మారియమ్మ గుడికి పోయే పిల్లలం కలిసి జట్టు కట్టాం. మా ఆట చూసిన ఒక పంపుల కంపెనీ యజమాని జెర్సీలు ఇచ్చి, హాలు ఇచ్చి, దాన్ని క్లబ్బు చేశాడు.

నేను గోల్‌కీపర్ని. వెనక నిలబడితే కోర్టంతా కనబడుతుంది, కాబట్టి అరవడం నా పని. ఎవరు ఎటు పోవాలో, బంతి ఎవరు వదలాలో, అన్నీ అరిచి చెప్పాలి. నేను తెలుగులో అరిచేదాన్ని. మా క్వార్టర్సులో అందరం ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళమే, మాకు ఒక అలవాటుంది. ఇంట్లో తెలుగు, క్వార్టర్సు గేటు దాటితే తమిళం. చిన్నప్పుడు బస్సులో అమ్మ నాతో తెలుగు మాట్లాడితే సిగ్గుతో ఆమె చెయ్యి గిల్లేదాన్ని. కానీ ఆట నేర్చుకుంది గేటు లోపల కదా, అందుకే ఏ ఊరి హాల్లో నిలబడినా నా నోటికి తెలుగే వచ్చేది. అవతలి జట్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఎడమ తట్టు ఖాళీ" అని నేను గొంతు చించుకుంటుంటే వాళ్ళు గుడ్లప్పగించి చూసేవాళ్ళు. రెండు కప్పులూ అట్లా వచ్చినవే.

మూడో ఏడు కొత్త మేనేజర్ వచ్చాడు. మంచివాడే, పని తెలిసినవాడే. రాగానే ఒక రూలు పెట్టాడు, కోర్టు మీద తమిళం గానీ ఇంగ్లీషు గానీ, అంతే. కోచ్ కేరళ మనిషి, తన జట్టు ఏమని అరుస్తోందో ఆయనకే తెలియడం లేదట. అందులో న్యాయం లేకపోలేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. కోచ్‌కు ఇరవై మాటలు నేర్పడానికి ఒక్క వారం చాలు, మా నోళ్ళు కుట్టడం దేనికి? కెప్టెన్‌గా అదే మాట అతని మొహమ్మీదే అన్నాను. అతను తాపీగా అన్నాడు, "సరే. ఈసారి ఫైనల్ గెలువు, ఆ మాటే ఎత్తను. ఓడితే కెప్టెన్ పట్టీ వదిలెయ్. కోర్టు మీద తెలుగూ ఆగిపోవాలి." సరే అన్నాను. రెండుసార్లు గెలిచిన పొగరు ఉంది కదా.

ఫైనల్ దిండిగల్‌లో. అవతల మదురై జట్టు. వార్మప్పులో వాళ్ళు మాట్లాడిందంతా తమిళమే. మొదటి సగంలో మూడు గోల్స్ తిన్నాం. నేను ఎటు పంపమని అరిస్తే అటే వాళ్ళ పిల్ల ముందే నిలబడి ఉంటోంది. "కళ్ళు కనబడవా మీకు?" అని నా వాళ్ళనే తిట్టాను. పాపం, వాళ్ళ తప్పేముంది!

విరామంలో చూస్తే మా చిన్నమ్మ గ్యాలరీ మెట్లు దిగి పరుగున వస్తోంది. ఆమెను ఇచ్చింది మదురైకే, నా ఆట చూడ్డానికని పులిహోర డబ్బాతో వచ్చింది. వస్తూనే నెత్తి కొట్టుకుంది.

"ఏమిడీ నీకు బుద్ధి ఉండాదా? ఆ పిల్లోళ్ళ అమ్మలంతా నా పక్కనే కూర్చోని తెలుగు మాట్లాడతా ఉండారు. మదురైలో మనోళ్ళు లేరనుకుంటివా? నేనేడ కాపురం చేస్తుండా మరి?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వీధిలో తమిళం మాట్లాడితే తమిళవాళ్ళే అనుకున్నాను. వీధిలో మేము మాట్లాడేది మాత్రం ఏమిటట? ఇన్ని వందల ఏళ్ళుగా ఇటు మేము, అటు వాళ్ళు, ఒకే భాషను ఇంట్లో దాచుకుని బయట ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టకుండా తిరుగుతున్నాం. ఇంతకంటే తెలివితక్కువతనం ఇంకేం కావాలి!

చిన్నమ్మ అన్నది ఎవరో మేనేజర్‌కు తమిళంలో చెప్పారు. "ఇప్పుడైనా నోరు మూస్తావా?" అన్నాడు.

"మూయను సార్," అన్నాను. "వాళ్ళకు తెలిసిందని నా నోరు నేనెందుకు మూసుకోవాలి? వింటే విననీ. మీరు చూస్తా ఉండండి."

రెండో సగంలో గోల్ వదిలేసి నేనే ముందుకు వచ్చాను. ఫుట్సాల్‌లో కీపర్ అట్లా రావచ్చు. వెనక గోల్ ఖాళీగా ఉంటుంది, దానికి గుండె ఉండాలి. నా మాట వాళ్ళకు అర్థమయితే అవనీ, వాళ్ళ కీపర్ కాక అడ్డుకోవడానికి ముందు ఉన్నది నలుగురు, వచ్చేది మేము ఐదుగురం. గట్టిగా, విప్పి చెప్తూ తెలుగులోనే అరిచాను. ఒక గోల్ పడింది. రెండోది పడింది. అంతదాకా తమిళం తప్ప పలకని మదురై కీపర్ ఉండబట్టలేక ఒక్క కేక పెట్టింది.

"పట్టుకోండే! ఆయమ్మ మళ్ళీ వస్తా ఉండాది!"

ఇక వాళ్ళవాళ్ళూ అందుకున్నారు. అటూ ఇటూ తెలుగే, హాలు దద్దరిల్లింది. మూడోదీ కొట్టాం. మూడు మూడు. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ ఆడలేదు. చివరి నిమిషంలో నా కాళ్ళ దగ్గరి బంతిని లాక్కుని, అక్కడినుంచే మా ఖాళీ గోల్లోకి కొట్టారు. ఓడిపోయాం.

మదురై కీపర్ వచ్చి నా భుజం పట్టుకుంది. "మా సార్ గూడా కోర్టులో తెలుగు వొద్దన్నాడక్కా. నువ్వు అట్ల అరస్తా ఉంటే నా నోరు ఊరికే ఉండలేదు," అంది. ఏడుస్తూనే నవ్వాను.

మాట ఇచ్చాను కాబట్టి పట్టీ విప్పి ఇచ్చేశాను. గోల్ వదిలి వెళ్ళినందుకు తిట్టినవాళ్ళకు తలవంచలేదు, ఇప్పటికీ వంచను. మేనేజర్ ఆ పట్టీని మా జట్టులో వింగ్‌లో ఆడే పిల్లకు కట్టాడు. కోయంబత్తూరు పక్క కినత్తుకడవు ఊళ్ళో కొబ్బరితోటల ఇంటిపిల్ల, పుట్టు తమిళం. ఇక గొడవ ఉండదని అతని లెక్క.

కొత్త సీజను మొదటి మ్యాచ్‌లో మాట ప్రకారం నేను నోరు కట్టేసుకుని నిలబడ్డాను. బంతి మా సగంలోకి వచ్చింది. ఆ పిల్ల మధ్యగీత దగ్గరి నుంచి, హాలంతా తిరిగి చూసేలా అరిచింది.

"అక్కా, ముందుకు రా! కుడి తట్టు వొదులు!"

విరామంలో మేనేజర్ ఆమెను పక్కకు పిలిచి, నీకెవరు చెప్పారు తెలుగులో అరవమని అని నిలదీశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్ల బెదరలేదు, తమిళంలోనే జవాబు చెప్పింది.

"ఎవరు చెప్పాలి సార్? వీళ్ళ దగ్గర నేర్చుకున్న ఆట. తెలుగులో తప్ప నాకు ఆడడం రాదు."