బాబాయి నిలబెట్టిన గోడ

పక్కింటి బాబాయి పోయారని మొన్న పొద్దున్న భాలుబాసా నుంచి కబురు వచ్చింది. రిటైరయ్యాక అక్కడ కొడుకు దగ్గర ఉండేవారు. టీ తాగి, పేపరు అడిగి, అది చేతికి వచ్చేలోపే కుర్చీలో వాలిపోయారట. రోజూ జమాఖర్చులు తప్ప మరేమీ రాయని నేను ఆయన గురించి రాద్దామని కూర్చుంటే, ముందు గుర్తొచ్చినవి స్క్రూలు.

అప్పట్లో మా స్టీలు ప్లాంటు క్వార్టరులో ఒకటే గది, వంటిల్లు. అమ్మ, తమ్ముళ్లు, నేను అందులోనే సర్దుకునేవాళ్లం. అబ్బాయి పుట్టాక నా భార్య గోల్‌మురిలో పుట్టింట్లోనే ఉండిపోయింది. “తల్లీబిడ్డలకి చాటుగా ఓ గది చూడండి అల్లుడుగారూ, అప్పుడే పంపుతాం” అన్నారు మామగారు. ఆయన మాటలో తప్పులేదు. నేను రోజూ సాయంత్రం సైకిలు మీద వెళ్లి, కొడుకును కాసేపు ఎత్తుకుని తిరిగి వచ్చేవాణ్ణి.

బిష్టుపూర్‌లో ఏదో ఆఫీసుకు గదులు చేయగా మిగిలిన జిప్సం బోర్డులు దొరికాయి. ఇనుములాంటి సాలుచెక్కతో చట్రం కట్టించి, వాటిని బిగించి, గదిని రెండు చేద్దామనుకున్నాను. లోపల తెల్లటి ముద్ద, రెండు వైపులా అట్ట, అంతే ఆ బోర్డు. మాకది కొత్త. పైగా మా వీధిలో అందరం ప్లాంటు మనుషులం. గోడకు క్యాలెండరు తగిలించినా దానికి క్రేను వేలాడదీయొచ్చు అన్నట్టు బిగిస్తాం. బాబాయి స్వయానా క్రేను ఆపరేటరు. చిటికెన వేలంత లావు స్క్రూలు పట్టుకొచ్చారు. మొదటిది తిప్పేసరికి బోర్డు మూల బిస్కెట్టులా విరిగింది.

గుమ్మంలోంచి పిన్ని అడిగింది: “ఏటండీ, గది కడతన్నారా, ఫర్నేసు కడతన్నారా?”

“నువ్వుండవే. మూలే కదా పోనాది” అని, బాబాయి విరిగిన ముక్క తీసి చంకలో పెట్టుకున్నారు. “పద అబ్బాయా, దీని మీదే నేర్చుకుందాం.”

ఆయన ఏ పనికైనా అంతే. చెడిపోయినదాన్ని పారేయనిచ్చేవారు కాదు, దాన్ని చూసి బాధపడనిచ్చేవారూ కాదు.

ఇద్దరం స్క్రూలు అమ్మే షాపుకు వెళ్లాం. ఏం తగిలించాలని షాపతను హిందీలో అడిగాడు. బాబాయి నన్ను చూపించి, “ఇస్ దామాద్ కీ ఇజ్జత్” అన్నారు. అల్లుడి పరువు అనేసరికి షాపంతా నవ్వింది. నవ్విన మొహంతోనే అతను డబ్బాలన్నీ దించాడు. చట్రంలో మిగిలిన చెక్కముక్క మీద బోర్డుముక్క పెట్టి బాబాయి ఒక్కో రకం తిప్పి చూశారు. పొడుగుది సాలుచెక్కలో సగం దిగి మొరాయించింది. పొట్టిది చెక్కను అందుకోనేలేదు. గుండుతలది పైకి ఉబ్బి ఉండిపోయింది. చివరికి అంగుళంపావు పొడవు, సన్నటి ఒళ్లు, బల్లపరుపు తల ఉన్నది కుదిరింది. అందులోనూ జింకు పూత ఉన్నవే ఏరించారు. సున్నం వేస్తే తుప్పు మరక పైకి రాకూడదని.

“తల అట్టలోకి కూసింత దిగాల, అట్ట మాత్రం చిరక్కూడదు. అక్కడ ఆపీడమే పని. సెయ్యి చెప్తాది నీకు” అన్నారు.

ఇంటికొచ్చి చెక్కకు ముందు సన్నటి రంధ్రాలు చేశాం. స్క్రూలకు బట్టల సబ్బు రాసి, అంచులకు ఎడం ఇచ్చి బిగించాం. పెదాల మధ్య స్క్రూలు పెట్టుకునే బాబాయి ఏదో కూనిరాగం తీశారు. పిన్నికి మాత్రం నమ్మకం కలగలేదు. “తుమ్మితే పడిపోద్ది” అంది.

ఆదివారం మామగారు చూడటానికి వచ్చారు. భారీ మనిషి. వేలి కణుపుతో బోర్డు మీద తట్టారు. తర్వాత ఏమనుకున్నారో, వెనక్కి తిరిగి వీపంతా ఆనించి నిలబడ్డారు. గోడ కదల్లేదు.

“బాగుంది. రేపే పంపుతాం” అన్నారు.

ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపి, దాదాపు పరుగెత్తుతూ వచ్చి కొత్త గదిలోకి తొంగిచూశాను. బాబాయి అవతలి వైపు నుంచి రెండు అరచేతులూ బోర్డుకి ఆనించి, కాళ్లు బిగబట్టి, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు.

“ఎల్లిపోనారా?” అని గుసగుసగా అడిగారు.