మిరప కల్లంలో గ్రీకు తల్లి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. వయసు ఇరవైమూడు, చేతిలో నాటకాల కోర్సు సర్టిఫికెట్, భుజాన గుడ్డసంచి. గ్రీకు పురాణాల్లోని ఆడవాళ్ల కథలు తీసుకుని, మన ఆడవాళ్లతో కలిసి కూర్చుని కొత్త నాటకం అల్లాలని నా కల. (కలిసి అల్లడమంటే నేను చెప్పింది వాళ్లు చేయడమని అప్పట్లో నా గట్టి నమ్మకం.) అలా ప్రత్తిపాడు దగ్గర మా బాబాయి మిరప కల్లంలో దిగాను. అక్కడ పదిమంది ఆడకూలీలు రాశుల ముందు కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతుంటారు. పని దిగాక గంటసేపు మా రిహార్సల్. మొదటిరోజు ఘాటుకి నేను తుమ్మిన తుమ్ములకే వాళ్లు చప్పట్లు కొట్టారు.

నేను ఎంచుకున్నది పంటల తల్లి కథ. ఆమె కూతుర్ని పాతాళరాజు ఎత్తుకుపోతాడు. ఆ కోపంతో తల్లి భూమ్మీద గింజ మొలవకూడదని శపిస్తుంది. అప్పుడు దేవుళ్లు దిగొచ్చి పిల్లని ఇప్పిస్తారు. తల్లి వేషం కూలీల పెద్ద, మేస్త్రి పిన్నికి ఇచ్చాను. ఆవిడ గొంతెత్తితే పక్క చేలో ట్రాక్టరు ఆగేది. కూతురి వేషం ఆవిడ సొంత కూతురిదే. రాజు వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే మీసాలు నేనే పెట్టుకున్నాను. రోజుకో కొత్త మాట, కొత్త పాట పుట్టుకొస్తుంటే ఆనందం పట్టలేక రోడ్డు మీద ఒక్కదాన్నే డైలాగులు చెప్పుకుంటూ నడిచేదాన్ని. అంతా బాగానే సాగింది, శాపం దాకా.

"పంట పండకూడదని నేననను," అంది పిన్ని.

"నాటకమే కదా పిన్నీ!"

"నాటకమైతే మాత్రం? ఎదురుగా ఇన్ని కాయలు పోసుకుని ఆ మాట ఎట్టా అనమంటావ్ అమ్మాయ్? పిల్లని ఎత్తుకుపోయింది వాడు. మధ్యలో చేను ఏం జేసిందంట?"

శాపం లేకపోతే నాటకమే లేదు. బతిమాలాను, అలిగాను, గ్రీకు నాగరికత మీద ఉపన్యాసం ఇచ్చాను (మధ్యలో నాలుగు తుమ్ములు). "ఆ వేళకి చూద్దాంలే," అంది. నేనేమో ఆదివారం ప్రదర్శన అని అప్పటికే ఊరంతా చెప్పేశాను.

ఆదివారం సాయంత్రం కల్లం నిండిపోయింది. పిల్లని ఎత్తుకుపోయాను, ఈలలు పడ్డాయి. శాపం ఘట్టం వచ్చింది. పిన్ని లేచి కాయల రాశి వైపు చూసింది, నా వైపు చూసింది. ఆవిడ తలగుడ్డ విప్పి, దులిపి, నేల మీద పరుచుకుని కూర్చుంది.

"నా పిల్ల వచ్చేదాకా ఒక్క తాలుకాయ ఏరను. ఎవరు ఏరతారో ఏరండి!"

మిగతావాళ్లూ తలగుడ్డలు పరిచి కూర్చున్నారు. చూడ్డానికొచ్చిన పక్క కల్లాల ఆడవాళ్లు కూడా! ఇదేదీ నేను రాయలేదు. సంతోషంతో ఒళ్లంతా పులకరించింది.

ముందు వరసలో బాబాయి లేచి నిలబడ్డాడు. "మేస్త్రమ్మా, ఇది నాటకంలోనేనా, రేపు కూడానా?"

"ముందు పిల్లని రానీయండి, చెబుతా."

బాబాయి గిర్రున నా వైపు తిరిగాడు. "ఒసేయ్, ఆ పిల్లని వదిలెయ్యవే తల్లీ! ఎల్లుండి కాయలకి లారీ వస్తంది!"

కల్లమంతా ఘొల్లున నవ్వింది. పాతాళరాజు మూడు పేజీల ప్రసంగం నోట్లోనే ఉండిపోయింది. పిల్లని అప్పగించేశాను.

ఆ తర్వాత చాలా నాటకాలే అల్లాను. ఇప్పుడు ముందు అడుగుతాను, తర్వాతే రాస్తాను. ఎవరూ వినని ఆ మూడు పేజీలు మాత్రం దాచుకున్నాను. మొన్న బయటికి తీసి, మొదటి వాక్యం గొంతు సవరించుకుని చదవబోయాను. ఇన్నేళ్లయినా కాగితాల్లో ఘాటు పోలేదు, తుమ్మొచ్చింది. నవ్వుకుంటూ అలవాటుగా తలెత్తి చూశాను. చప్పట్లు కొట్టేవాళ్లే లేరు.