మూడు పూతల నలుపు

మా బావ సైన్‌బోర్డుల పెయింటర్. నేను బళ్ళ మెకానిక్‌ని, పైగా ఆయన భార్యకి తమ్ముణ్ణి. ఈ రెండు పాపాలూ కలిసి ఆ వారమంతా నా నెత్తెక్కి కూర్చున్నాయి.

బావకి ముప్పై ఐదేళ్ళ నాటి మోటారుసైకిలు ఒకటుంది. దానికి కిక్కూ ఉంది, బటనూ ఉంది. మొన్నీమధ్య ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. ఇక జన్మలో కిక్ కొట్టకూడదన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే చూసుకుని స్టార్టర్ మోటారు మొరాయించింది. బటన్ నొక్కితే రెండుసార్లు మూలిగి ఊరుకుంటుంది. అక్క తేల్చి చెప్పేసింది.

"ఆదివారం కొనేవాడొస్తున్నాడు. ఈలోపు బటన్‌తో లేచిందా, ఉంచుకోండి. లేవలేదా, తాళాలు వాడి చేతిలో పెడతాను. మళ్ళీ ఆ కాలితో కిక్ కొడితే నేను చూడలేను."

బావ ఆ పూటే బండి నా షెడ్డుకి తోలించాడు. వెనకాలే తనూ ఆటోలో దిగాడు.

సోమవారం కొత్త బ్యాటరీ వేశాను. మూలిగింది. మంగళవారం మోటారు విప్పి, లోపల అరిగిన బ్రష్‌లు మార్చి, మసి గీకాను. బల్ల మీద పెట్టి బ్యాటరీ తగిలిస్తే గిర్రున తిరిగింది. బండికి బిగిస్తే మళ్ళీ అదే మూలుగు. బుధవారం, బటన్ నొక్కగానే మోటారుకి కరెంటు వదిలే రిలే మార్చాను. గురువారానికి నాకు పిచ్చెక్కింది. బయట మూడు బళ్ళు ఆగి ఉన్నాయి, వాటివాళ్ళు ఫోన్లో తిడుతున్నారు. పక్కన స్టూలు మీద కాలు చాపుకుని బావ సలహాలిస్తున్నాడు.

"పాత ప్రాణం రా. కాస్త సున్నితంగా చూడు."

"సున్నితంగానే చూస్తున్నా. లేకపోతే ఈపాటికి నీ పీక నొక్కేసేవాణ్ణి."

ఈ మధ్య దీనికేమైనా చేశావా అని రోజుకోసారి అడిగాను. రోజూ ఒకటే జవాబు. "తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదు రా."

శుక్రవారం మధ్యాహ్నం విసుగెత్తి, ఓ లావుపాటి తీగ తీసుకున్నాను. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజన్ అడుగున రంగులేని బోల్టుకి పట్టి బటన్ నొక్కాను. బండి ఒక్క పెట్టున లేచింది.

అంటే తప్పు మోటారుది కాదు, బ్యాటరీ మైనస్‌ని బండి ఒంటికి కలిపే ఎర్త్ తీగది. దాన్ని నేను ఐదుసార్లు చూశాను. బిగువుగా ఉంది, నిగనిగలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే బోల్టు విప్పితే తీగ కింద గోరు దిగనంత మందంగా నల్ల రంగు! కరెంటు తిరిగి వెళ్ళే దారిని మా బావ నున్నగా మూసేశాడు. కొండను తవ్వి ఎలుకను పట్టాను.

"బావా, ఇదేమిటి?"

"రంగు."

"తీగ కింద ఎవరైనా రంగేస్తారా?"

"కనబడదని వదిలేస్తామా? తుప్పు పుట్టేది అక్కడే. మూడు పూతలేశాను."

"ఏమీ చెయ్యలేదన్నావుగా!"

"రంగెయ్యడం కూడా చెయ్యడమేనా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

నోటిదాకా వచ్చిన తిట్టు మింగాను. ఒకప్పుడు మా వీధిలో సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే. ప్రింటు బోర్డులొచ్చాక ఆయన్ని పిలిచే నాథుడు లేడు. రంగెయ్యడానికి ఆ బండొక్కటే మిగిలింది. జాలేసింది. ఐదు రోజుల చాకిరీ తలుచుకుంటే ఆ జాలి మీద కూడా కోపమొచ్చింది.

గరుకు కాగితం చేతికిచ్చాను. "గీకు."

"నువ్వు గీకు. నావల్ల కాదు."

"వేసిన చేత్తోనే తియ్యి. లేకపోతే ఎల్లుండి వాడు తోలుకుపోతాడు."

బావ మొహం పక్కకి తిప్పుకుని గీకాడు. బొటనవేలి గోరంత మేర తెల్లటి ఇనుము బయటపడింది. తీగ బిగించి బటన్ నొక్కాను. లేచింది. ఆ చప్పుడు ఫోన్లోనే అక్కకి వినిపించాను. కాసేపు విని, "సరే, ఆ వచ్చేవాణ్ణి రావద్దంటాలే," అని పెట్టేసింది.

రెండు వారాల తర్వాత ఆయిల్ మార్చడానికి బండి నా దగ్గరికొచ్చింది. వంగి చూస్తే ఆ బోల్టు పక్కన, చీమంత తెల్లటి అక్షరాలు, ప్రతిదానికీ సన్నటి నీడతో సహా: 'ఇక్కడ రంగు వేయరాదు.'

"ఇంట్లో కుంచె పట్టేది నువ్వొక్కడివే కదా బావా! ఎవరికి ఈ బోర్డు?"

"నాకే రా. చెయ్యి ఊరుకోదు," అన్నాడు. తర్వాత కాస్త మొహమాటంగా అడిగాడు. "చాలా రోజులకి రాశాను. అక్షరాలు కుదిరాయా?"