ఎడమచేతి అక్షింతలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇంగ్లీషు వ్యాకరణం ఎక్కువగా అరచేతుల ద్వారానే ఒంటబట్టేది. బాపట్లలో టీచరు ట్రైనింగు చదివొచ్చిన పక్కింటి అక్క తన అరుగుమీద మాకు ట్యూషన్ చెప్పేది. నెమ్మదైన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచేది కాదు, ఆ పని బెత్తానికి అప్పగించింది.

ఆ వారం పాఠం డైరెక్ట్ స్పీచ్. ఎవరైనా అన్న మాటని అన్నది అన్నట్టు రాస్తే ముందు రెండు, వెనక రెండు ఇన్వర్టెడ్ కామాలు పెట్టాలి. మర్చిపోతే ఆ నాలుగూ అరచేతిమీద పడేవి, తెరవడానికి రెండు, మూయడానికి రెండు. "లోపల ఆ మనిషి నోట్లోంచి వచ్చిందే ఉండాలర్రా. మీ సొంత సరుకు బయట పెట్టుకోండి" అనేది. గుర్తులు పెట్టడంలో నేనే ఫస్టు. సరుకు సంగతే కాస్త తేడా.

మా ఊరు రేపల్లె వైపు, కాలువ చివర్న. పై ఊళ్లన్నీ తడిసి, ఇంకా మిగిలితే నీళ్లు మాదాకా వచ్చేవి. మా చేనూ అక్కావాళ్ల చేనూ ఒకే తూము కింద ఉండేవి. కూలీలకి టీ పట్టుకెళ్లి, తిరిగొస్తూ కబుర్లు మోసుకొచ్చే ఉద్యోగం నాది. ఉత్త కబురుకి మా నాన్న పేపర్లోంచి తలెత్తేవాడు కాదు. కాస్త కారం చల్లితే ఎత్తేవాడు. నేను చల్లేదాన్ని.

ఆరోజు తూము దగ్గర అక్కావాళ్ల నాన్న నన్ను ఆపాడు. నేను ఆయన్ని పెదనాన్న అనేదాన్ని. "అమ్మాయ్, ఈపూట నీళ్లు ఇద్దరికీ చాలవే. మీ నాన్నని ఓసారి రమ్మను, మాట్లాడుకుందాం" అన్నాడు. ఇంటికొచ్చి అదే చెప్పాను. నాన్న పేజీ తిప్పాడు. అప్పుడు, తూముమీద చెయ్యేస్తే కాళ్లు విరగ్గొడతానన్నాడని కూడా కలిపాను. తలెత్తాడు.

తర్వాతది టూకీగా చెప్తాను. జరగడమూ టూకీగానే జరిగింది. నాన్న పార భుజాన వేసుకుని నడిచాడు, వెనకే నేను. పెదనాన్న గట్టుమీంచి నవ్వుతూ లేచి, "రా తమ్ముడూ" అని కుడిచెయ్యి చాపాడు. "నా కాళ్లు విరగ్గొడతావా" అంటూ నాన్న ఎత్తిన పార ఆ చెయ్యిమీదే పడింది. పచ్చి జామకొమ్మ విరిచినట్టు చప్పుడైంది. పెదనాన్న బోర్లా పడ్డాడు. నుదురు తూము రాయికి తగిలి పగిలింది. ఆ నెత్తురు కాలవనీళ్లలో కలిసి మా చేలోకే పారింది. ఆ పూట వంతు మాకే దక్కినట్టయింది. పార తిరగేసి కొట్టాడు కాబట్టి చెయ్యి ఊడిపోకుండా విరగడంతోనే సరిపోయిందనీ, అది మా నాన్న మంచితనమనీ మా నాయనమ్మ చాలాకాలం వాదించింది.

పెదనాన్నని తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లి పిండికట్టు వేయించారు. మర్నాడు పొద్దున్నే జంపని నుంచి వాళ్ల చుట్టాలు కర్రలతో ట్రాక్టరు దిగారు. పొన్నూరు బస్సులో మా మేనమామలు ఐదుగురూ వచ్చారు. చిన్నమావయ్య చేతిలో గొడ్డలి ఉంది. కట్టెలు కొట్టిపెడదామని తెచ్చానన్నాడు. మా ఇంట్లో కొట్టాల్సిన కట్టెలేమీ లేవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తూము దగ్గర తేల్చుకోవాలని రెండిళ్లలోనూ అనుకున్నారు. ఖాళీ కడుపుతో చంపుకోవడం మర్యాద కాదు కదా.

అప్పుడు గోడ అవతలినుంచి అక్క పిలిచింది. "పిన్నీ, అమ్మాయిని పంపు. పాఠం సగంలో ఉంది." అమ్మ మొహం చెల్లక, కాదనలేక పంపింది.

అరుగుమీద ఆరోజు నేనొక్కదాన్నే. అక్క కళ్లు వాచి ఉన్నాయి. నోటుపుస్తకం నా ముందు పెట్టి, "నిన్న మా నాన్న నీతో ఏమన్నాడో డైరెక్ట్ స్పీచ్‌లో రాయి. ఇంగ్లీషులో రాకపోతే తెలుగులోనే రాయి" అంది.

నీళ్ల మాట, రమ్మన్న మాట రాశాను. తర్వాతదానికి కామాలు తెరిచాను. పెన్సిలు అక్కడే ఆగిపోయింది. వాళ్ల పెరట్లో ఎవరో కర్ర నేలకేసి కొట్టి బలం చూసుకుంటున్నారు.

"కాళ్ల మాట ఎవరిదే?" అంది అక్క.

"నాదే అక్కా."

చెయ్యి చాపమంది. నాలుగు వేసింది, తెరవడానికి రెండు, మూయడానికి రెండు. వాళ్ల నాన్న చెయ్యి కోసం ఇంకా పడతాయని చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాను. ఒక్కటీ పడలేదు. "అవి పాఠానికి. మిగతాది మీ నాన్నకి చెప్పుకో. అన్నాలు వడ్డించేలోపు వెళ్లు" అంది.

మా వసారాలో అప్పటికే విస్తళ్లు వేశారు. అందరిముందూ నిలబడి పెదనాన్న అన్నది చెప్పాను, తర్వాత నేను కలిపింది చెప్పాను, ఏది ఎవరిదో చెప్పాను. చిన్నమావయ్య గొడ్డలి నెమ్మదిగా బల్లకిందకి జరిపాడు. నాన్న లేచి కొట్టిన దెబ్బకి నేను గుమ్మానికి తగిలి పెదవి చిట్లింది. దానికి కొలతేమీ లేదు. ఆ తర్వాత ఆయన ఉత్త చేతులతో పక్కింటికి వెళ్లాడు. జంపని వాళ్లు ఆయన్ని కిందపడేసి కొట్టారు. నాన్న చెయ్యెత్తలేదు. అక్క అడ్డుపడి ఆపేసరికి ఆయన చొక్కా సగమే మిగిలింది.

సాయంత్రం నాన్న క్యారేజీ పట్టుకుని తెనాలి బస్సెక్కాడు. ఆసుపత్రిలో ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. అందుకని రాయను.

ఎవరెంత వద్దన్నా వినకుండా కట్టు విప్పకముందే పెదనాన్న నాట్లకి దిగాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది, మోచేతికి పైన లేచేది కాదు. నా పెళ్లికి అక్షింతలు ఎడమచేత్తో వేశాడు. పురోహితుడు ఏదో అనబోతే మా నాన్న ఆయన భుజంమీద చెయ్యేసి, "ఆ చెయ్యే వెయ్యాలండి" అన్నాడు.

తర్వాత నేనూ తెనాలిలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను, బెత్తం లేకుండానే. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటే, ఫలానావాడు మనవాళ్లని ఇలా అన్నాడంటూ ఫోనులో రోజుకో మాట వస్తుంది. నలుగురికీ పంపబోతూ కుడి అరచేతికేసి చూసుకుంటాను. గుర్తులేమీ మిగల్లేదు. అయినా ఫోను పక్కన పెట్టేస్తాను.